కన్నం పూడ్చిన నాణెం

ఆగస్టు తొమ్మిది దగ్గర పడుతోందంటే బిస్త్రాకు ఒళ్ళు మండుకొస్తుంది. డాన్యూబ్ ఒడ్డున ఉన్న ఆ రోమన్ కోటలో ఏటా ఆ రోజు సంబరం. దగ్గర్లోని పట్నం ప్లెవెన్ నుంచి కాలేజీ కుర్రాళ్ళు గొర్రెతోళ్ళు కప్పుకొని, రోమన్ల మీద దండెత్తిన గాత్ తెగ వేషంలో దిగుతారు. మరో పదిమంది రేకు కవచాలు తొడుక్కొని రోమన్ సిపాయిలవుతారు. గడ్డితో కట్టిన బురుజుకు నిప్పు పెడతారు. చూసేవాళ్ళు ఈలలు, కేకలు. 'గాత్‌ల చేతిలో వాలెన్స్ చక్రవర్తి నేలకొరిగిన క్రీ.శ. 378లోనే నేలకూలిన కోట' అని ద్వారం మీద మనిషెత్తు బోర్డు. ఆ బోర్డు కిందే టికెట్ల గది. ఆ గదిలో పదహారేళ్ళుగా బిస్త్రా. బోర్డు మీద రాసింది పచ్చి అబద్ధమని గట్టిగా నమ్మే మనిషి ఈ భూమ్మీద ఆవిడొక్కతే. దాని కిందే కూర్చుని పొద్దస్తమానం టికెట్లు చింపాలి. పగవాడికి కూడా వద్దు అలాంటి ఉద్యోగం.

సంబరానికి ఇంకా రెండు రోజులుందనగా, మిట్టమధ్యాహ్నం, గెంచో వచ్చాడు. ఊళ్ళోవాడే. ఇల్లు కోటకు కూతవేటు దూరం. ఒకప్పుడు ఈ తవ్వకాల్లో పార పట్టినవాడు. కానీ ముప్పై రెండేళ్ళుగా ఈ గేటు తొక్కలేదు. ద్రాక్షతోటకు పోవాలన్నా కోట పక్క నుంచి కాకుండా చుట్టూ తిరిగి పోతాడని ఊళ్ళో వాళ్ళకు నవ్వులాట. అలాంటివాడు టోపీ చేతిలో పట్టుకొని కిటికీ ముందు నిలబడ్డాడు.

"ఏంటి గెంచో అన్నా, దారి తప్పావా?" అంది బిస్త్రా.

"తప్పలేదులే. ఒక టికెట్ ఇయ్యి."

"నీకు టికెట్టేంటయ్యా, ఆ గోడల్లో సగం నువ్వు బయటికి తీసినవే. పో లోపలికి."

"ఒక్కణ్ణీ పోను బిస్త్రమ్మా. నువ్వూ రా. ఆ నాణెం చూపించు."

మనిషి బాగా చిక్కిపోయాడు. ఈస్టర్ ముందు భార్య స్తాంకా పోయింది. ఆ రోజు శ్మశానంలో చూసినప్పుడు కూడా ఇంత పాడుగా లేడు. బిస్త్రా కిటికీ మూసి, తాళాల గుత్తి తీసుకొని లేచింది.

మ్యూజియం అంటే మూడు గదులు. నడిమి గదిలో, ఎర్ర మఖ్మల్ గుడ్డ మీద, దీపం వెలుగులో, బొటనవేలి గోరంత రాగినాణెం. దానికొక్కదానికే ఒక గాజు పెట్టె. కింద చీటీ మీద మూడు భాషల్లో కథ: కూలిన కప్పు పెంకుల కింద, సిపాయిల గది నేల మీద దొరికింది, వాలెన్స్ చక్రవర్తిది, కోట ఎప్పుడు తగలబడిందో చెప్పే ఏకైక సాక్షి.

గెంచో నుదురు గాజుకు ఆనించి చాలాసేపు చూశాడు.

"ఇది కాదు," అన్నాడు.

"అదే అన్నా. నువ్వు తీసిందే."

"మరి కన్నం ఏదీ?"

"ఏం కన్నం?"

గెంచో గాజు మీంచి నుదురు తీశాడు. కిటికీ పక్కనున్న బెంచీ మీద కూలబడ్డాడు. చెప్పడం మొదలుపెట్టాక మాత్రం మధ్యలో ఆగలేదు.

పందొమ్మిదివందల ఎనభై ఆరు, జూలై. ప్రొఫెసర్ గ్రోజ్దనోవ్ తవ్వకాలంటే ఒక కట్టుబాటు ఉండేది: నాణెం ఎవరికి దొరికితే వాళ్ళు ఆ నిమిషాన పార కింద పడేసి ఇంటికి పోవచ్చు, కూలి మామూలే. నాణెం దొరికినవాడు జేబులో వేసుకోకుండా ఉండాలని పెట్టిన నియమం. ఆ ఎండలో, ఆ బూడిదలో, మధ్యాహ్నం ఇంటికి పోయే అదృష్టం కోసం మనుషులు మట్టిని వేళ్ళతో జల్లెడ పట్టేవాళ్ళు.

"ఆ రోజు పొద్దున్నే స్తాంకాకు నొప్పులని కబురొచ్చింది," అన్నాడు గెంచో. "సెలవడిగితే మా మేస్త్రీ 'కనేది నువ్వా, ఆవిడా? నువ్వెళ్ళి ఏం పీకుతావు, మంత్రసానివా' అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను. జేబులో చెయ్యి పెడితే నాణెం తగిలింది. తోటలో నాగలికి దొరికిన బిళ్ళ. పుట్టబోయే బిడ్డకని నేనే బరమాతో కన్నం పెట్టా. ఎర్రదారం ఎక్కించా. బిడ్డ టోపీకి కుడతాం కదా, దిష్టి తగలకుండా. ఆ దారం లాగేశా. కన్నంలో తడిమట్టి కూరా. పెంకు ఒకటి ఎత్తి దాని కిందకు తోసేసి, 'దొరికింది!' అని అరిచా. నువ్వు అటు చివర గోడ బొమ్మ గీస్తున్నావు."

అవును. గీస్తోంది. అప్పుడు బిస్త్రాకు ఇరవై ఎనిమిది, ప్రొఫెసర్ దగ్గర పరిశోధన చేస్తోంది. ఆ గొయ్యి బాధ్యత ఆవిడదే. అరుపు విని పరుగెత్తుకొచ్చేసరికి నాణెం గెంచో అరచేతిలో ఉంది. బూడిదలో గుండ్రటి గుర్తు ఉంది. ఇంకేం కావాలి? తవ్వకాల డైరీలో రాసింది: 'కూలిన కప్పు పెంకు కింద, గది నేలకు అంటుకొని, నా కళ్ళముందు తీశారు.' ఆ మాట అందరూ రాసేదే. చూసినా రాస్తారు, చూడకపోయినా రాస్తారు, డైరీలో ఆ గడి నింపాలి కాబట్టి. కింద సంతకం పెట్టింది. గెంచో భార్య నెలలు నిండిన మనిషని తెలుసు. "పరుగెత్తు అన్నా! ఆడపిల్ల పుడితే నా పేరు పెట్టాలి!" అని నవ్వి పంపించింది.

"పెట్టాం," అన్నాడు గెంచో. "ఆడపిల్లే. బిస్త్రా అనే పెట్టాం. నేనెళ్ళేసరికే పుట్టేసింది. స్తాంకా మొదటి మాట 'నాణెం తే, టోపీ కుడతాను' అంది. పోయిందని చెప్పా. ఎక్కడో జారిపోయిందని చెప్పా. పందొమ్మిది రోజులు బతికింది పిల్ల. నీకు తెలీదు, నువ్వప్పటికి పెట్టెలన్నీ లారీకెక్కించి రాజధానికి, సోఫియాకు వెళ్ళిపోయావు."

గెంచోకు ఒక బిడ్డ పుట్టి పోయిందని బిస్త్రా ఊళ్ళో విన్నదే. పేరు ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికి తోస్తుంది?

కానీ నిజం చెప్పాలి కదా. ఆ క్షణంలో ఆవిడ మనసులో మొదట మెదిలింది ఆ పిల్ల కాదు. ఎనభై తొమ్మిదిలో సోఫియాలో ఒక హాలు, అందులో ఒక పొడవాటి బల్ల. తన థీసిస్ మీద వాదన జరిగిన రోజు.

నాలుగు వేల కుండ ముక్కలు. ఒక్కొక్కటీ తనే కడిగింది, తనే లోపలి వైపు సన్నటి సిరాతో నంబరు వేసింది, తనే బొమ్మ గీసింది. నాలుగు వేలల్లో ఒక్కటి కూడా రెండొందల యాభై తర్వాతి కాలానిది కాదు. అంటే ఈ కోట వాలెన్స్ కంటే నూట పాతికేళ్ళ ముందే తగలబడింది, ఆ తర్వాత ఇక్కడ ఎవరూ కాపురం ఉండలేదు. వంటపాత్రలు అబద్ధమాడవు, మనిషి బతికున్నచోట కుండ పగలకుండా ఉండదు. బిస్త్రా థీసిస్ మొత్తం అదే. గ్రోజ్దనోవ్ అప్పటికే ఆ ఒక్క నాణెం మీద పుస్తకం రాసి, పైవాళ్ళ చేత శభాష్ అనిపించుకొని కూర్చున్నాడు. కూలిన కప్పు కింద నాణెం దొరికిందంటే కప్పు కూలింది ఆ నాణెం పుట్టిన తర్వాతే. దానికి తిరుగు లేదు. ఆయన లేచి, కళ్ళజోడు సర్దుకొని, ఆవిడ డైరీలోదే ఆ వాక్యం చదివాడు. "'నా కళ్ళముందు తీశారు.' కామ్రేడ్, ఈ సంతకం ఎవరిదో గుర్తుపడతారా?" హాలంతా ఘొల్లున నవ్వింది.

అంతే. థీసిస్ వెనక్కి వచ్చింది. ఉద్యోగం పోయింది. జిల్లా మ్యూజియంలో బొమ్మలు గీసింది, బళ్ళో చరిత్ర చెప్పింది, చివరికి ఈ టికెట్ల గది. ఇన్నేళ్ళూ ఆ నాణేనికి సంజాయిషీ వెతుకుతూనే ఉంది. ఎలుక కన్నంలోంచి జారిందేమో, చెట్టు వేరు లాక్కెళ్ళిందేమో. గెంచోను అనుమానించలేదు. తన సంతకాన్నీ అనుమానించలేదు. రాసి రాసి, చదివి చదివి, నాణెం పెంకు కిందనుంచి రావడం తను కళ్ళారా చూసిందనే నమ్మేసింది.

"కన్నం ఏదీ అంటాడేంటి ఈ మనిషి," అని తనలో గొణుక్కుంటూనే గాజు పెట్టె తాళం తీసింది. నాణెం కిటికీ వెలుగులోకి తెచ్చి భూతద్దం పెట్టింది. చక్రవర్తి తల మీద, అంచుకు కాస్త లోపల, కందిగింజంత చోట నునుపు ఎక్కువగా ఉంది. మిగతా నాణెమంతా అరిగి, గుంటలు పడి ఉంటే అక్కడ మాత్రం నిన్ననే అలికినట్టుంది. రుమాలుకు గుచ్చుకున్న పిన్నీసు తీసి గీకింది. పచ్చటి పూత లేచింది. కింద తెల్లగా మెరిసింది. సీసం మాటు.

గెంచో కూరిన మట్టి కాదది. ఎవరో మట్టి తీసి, కడిగి, కన్నం చూసి, మాటు వేసి, పైన పచ్చరంగు ఎక్కించారు. నాణెం కడిగించింది ఎవరో బిస్త్రాకు బాగా తెలుసు.

"ఆయనకు తెలుసు," అంది. "దొంగముండాకొడుకు! ఆయనకు అప్పుడే తెలుసు."

గెంచోకు అదేమీ పట్టలేదు. చెయ్యి చాపాడు. "ఇచ్చెయ్యి బిస్త్రమ్మా. స్తాంకా పోయే ముందు రోజు కూడా అడిగింది, పిల్ల నాణెం ఎక్కడ పారేశావని. ముప్పై రెండేళ్ళు నా పక్కన పడుకుని, ఒక్కసారి కూడా ఆ మాట నమ్మలేదు. పిల్ల పక్కన పాతిపెడతా. నాకూ ఊపిరితిత్తుల్లో ఏదో పెరుగుతోందంటున్నారు. అంతకంటే నాకేం పని లేదిక్కడ."

నాణెం ఆవిడ అరచేతిలోనే ఉంది. అతని అరచెయ్యి జానెడు దూరంలో ఉంది. గదిలో వాళ్ళిద్దరు తప్ప పురుగు లేదు.

"రెండు రోజులు ఆగు అన్నా," అంది బిస్త్రా. "ఒక మనిషికి చూపించాలి. చూపించి నీకే ఇస్తా."

"నీ బతుకు బుగ్గిపాలు చేసింది నేను. రెండు రోజులు ఆగలేనా?" అన్నాడు గెంచో, టోపీ పెట్టుకుంటూ.

*

గ్రోజ్దనోవ్‌కు ఎనభై నాలుగేళ్ళు. సంబరం రోజున కారులో తీసుకొచ్చి వేదిక మీద కూర్చోబెట్టారు. మెడలో దండ, పక్కన ఊరి అధ్యక్షుడు, ముందు మైకు. గడ్డి బురుజు తగలబడింది. చప్పట్లు. తర్వాత ఆయన్ని వేదిక వెనక, నీడలో, మడతకుర్చీలో కూర్చోబెట్టి నిమ్మరసం ఇచ్చారు. అటుపక్క గాత్ వీరులిద్దరు గొర్రెతోళ్ళు విప్పి చెమట తుడుచుకుంటున్నారు.

బిస్త్రా వెళ్ళి ఆయన ముందు నిలబడింది. చేతిరుమాలు విప్పి నాణెం చూపించింది. సీసం మాటు మొత్తం అప్పటికే గీకేసింది. ముసలాయన దాన్ని పైకెత్తి, కన్నంలోంచి ఆకాశం చూశాడు. నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాడు.

"మంచి పనివాడు వాడు, మాటు వేసినవాడు," అన్నాడు. "ఇప్పుడు లేడు పాపం. ఇన్నాళ్ళు ఎవరూ పట్టలేదు చూడు."

"మీకు ఎప్పుడు తెలుసు?"

"తెచ్చిన వారానికే. కడిగితే మట్టి ఊడింది. అంచు చూస్తే కొత్త బరమా పని. మీ కూలివాడెవడో మధ్యాహ్నమే ఇంటికెళ్ళాడు. వాణ్ణి తప్పుపట్టను, ఆ నియమం పెట్టిన నన్నే అనాలి."

"మరి ఎందుకు చెప్పలేదు? ఆ హాల్లో నిలబెట్టి నన్ను... ప్రొఫెసర్‌గారూ, నా నాలుగు వేల ముక్కలు..."

"నీ ముక్కలు నిజమే చెప్పాయి. నాకప్పుడే తెలుసు." నిమ్మరసం ఒక గుక్క తాగాడు. "ఆ ఏడాదితో మన తవ్వకాల అనుమతి అయిపోయేది. సహకార వ్యవసాయం వాళ్ళు ఇక్కడ పంపుహౌసు కట్టడానికి ప్లాను గీసి ఉంచారు. ఎవడికీ తెలియని సంవత్సరంలో తగలబడిన ఎవడికీ తెలియని కోట కోసం ఆపుతారా? వాలెన్స్ అన్నాను, ఆపారు. నేను అబద్ధం చెప్పబట్టే నువ్వు టికెట్లు అమ్ముకోవడానికి ఒక కోటంటూ మిగిలింది."

"అబద్ధం మీరు చెప్పారు. బుగ్గయింది నేను!"

"సంతకం నువ్వు పెట్టావు." గొంతు పెంచలేదు ముసలాయన. "ఇప్పుడు చెప్పు, మనిద్దరమే ఉన్నాం. ఆ నాణెం పెంకు కిందనుంచి తీస్తుంటే నువ్వు చూశావా?"

గాత్ వీరుల్లో ఒకడు ఏదో జోకు వేస్తే రెండోవాడు పగలబడి నవ్వాడు.

"చూశావా బిస్త్రా?"

"లేదు."

"చూసి ఉంటే వాడు పెట్టగలిగేవాడే కాదు. సరే, వెళ్ళి చెప్పు. మైకు అక్కడే ఉంది. ముందు అడిగేది సంతకం ఎవరిదనే." నాణేన్ని మళ్ళీ రుమాల్లో పెట్టి, చక్కగా మడిచి, ఆవిడ చేతికిచ్చాడు. "తాళంచెవి నీ దగ్గరే ఉంది కదా. దాని చోట పెట్టెయ్యి."

చేత్తో తీసి పారేసిన ఈగకు కూడా అంతకంటే విలువ ఉంటుంది. ఆవిడకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడుపు కాదు, కోపం. ఆ కోపంలోనే తేల్చుకుంది: రాస్తాను. నా తప్పుతో సహా రాస్తాను. వీడు బతికుండగానే వీడి పుస్తకం వీడి నెత్తినే పడాలి.

రాసింది. పదకొండు పేజీలు. 'నా కళ్ళముందు' అన్న మాట అబద్ధమని, అది తను చేసిన తప్పని, మొదటి పేజీలోనే ఒప్పుకుంది. సోఫియాలో ఇలాంటివి చూసే పెద్ద సంఘానికి పంపింది.

సోమవారం గెంచో వచ్చాడు. "రెండు రోజులన్నావు," అన్నాడు. తప్పుపట్టినట్టు కాదు, గుర్తుచేసినట్టు.

"ఇంకొన్నాళ్ళు ఆగు అన్నా. కన్నం కొత్తదని పరీక్ష చేసి తేల్చాలి. వస్తువు లేకపోతే నన్నెవరు నమ్ముతారు? కుళ్ళుమోతు ముసల్ది, పగతో వాగుతోందంటారు. నువ్వు సాక్ష్యం చెప్తావా?"

"చెప్తా. రాసుకో."

టికెట్ల గదిలోనే, కిటికీ ఇవతల నిలబడి, అన్నీ చెప్పాడు: తోట, నాగలి, బరమా, ఎర్రదారం, మేస్త్రీ మాట. 'నువ్వేం పీకుతావు' అన్నది కూడా ఉన్నదున్నట్టు రాయమన్నాడు. వంకర టింకర అక్షరాలతో సంతకం పెట్టాడు. పెట్టి, ఆవిడ చేతిసంచీ వంక చూశాడు. నాణెం అందులోనే ఉందని తెలుసు. అడగలేదు.

ఆ తర్వాత ప్రతి సోమవారం వచ్చేవాడు. రెండు టమాటాలో, గుప్పెడు ద్రాక్షో కిటికీ పలక మీద పెట్టేవాడు. "ఉత్తరం వచ్చిందా బిస్త్రమ్మా?" "రాలేదన్నా." "వస్తుందిలే." అంతే మాట. దగ్గు ఎక్కువైంది. గేటు నుంచి కిటికీ దాకా నడవడానికి మధ్యలో ఒకసారి ఆగేవాడు.

సెప్టెంబరు చివర్లో ఉత్తరం కాదు, మనుషులే వచ్చారు. ఒక నడివయసు ఆవిడ, ఒక కుర్ర శాస్త్రవేత్త. మర్యాదగానే మాట్లాడారు. నాణెం తీసుకొని రసీదు ఇచ్చారు. గెంచో వాంగ్మూలం ఫైల్లో పెట్టుకున్నారు. తర్వాత ఆవిడ గొంతు సవరించుకుని, "అనుమతి లేకుండా ప్రదర్శన పెట్టె తెరిచారు. వస్తువును గీకారు. మీ వయసు చూసి హెచ్చరికతో వదిలేస్తున్నాం," అంది. తాళాల గుత్తిలోంచి ఆ గాజు పెట్టె తాళంచెవి ఒక్కటి విప్పి తీసుకొన్నారు.

ఆ సోమవారం గెంచో సంచీ వైపు చూస్తే, "వాళ్ళు పట్టుకెళ్ళారన్నా. పరీక్ష కాగానే..." అంది బిస్త్రా.

గెంచో టమాటాలు పలక మీద పెట్టాడు. "నీ చేతిలో ఉన్నంతసేపు నా చేతిలో ఉన్నట్టే అనుకున్నా," అన్నాడు. ఆ తర్వాతి సోమవారాల్లో అతను రాలేదు. మంచం పట్టాడని విని, రొట్టె చేసుకొని చూడబోయింది. "ఉత్తరం వచ్చిందా?" అనే అడిగాడు. నవంబరు రెండో వారంలో పోయాడు.

నలభయ్యో రోజున, ఆచారం ప్రకారం, బిస్త్రా ఉడికించిన గోధుమలు పంచదార చల్లి శ్మశానానికి తీసుకెళ్ళింది. గెంచో, స్తాంకా పక్కపక్కనే. వాళ్ళ కాళ్ళ వైపు ఒక చిన్న మట్టిదిబ్బ, గడ్డి మొలిచి, కొయ్య శిలువ ఎప్పుడో పుచ్చిపోయి. గెంచో చెల్లెలు గోధుమలు పుచ్చుకుంది గాని ముఖం ఇటు తిప్పలేదు. "చచ్చేదాకా అడుగుతూనే ఉన్నాడు," అంది. "నీ చేతిలోనే ఉందటగా, నువ్వు ఇవ్వలేదట." బిస్త్రా గిన్నె మీద మూత పెట్టింది. ఉన్నమాటే కదా. రెండు రోజులని చెప్పి, గదిలో పురుగు లేనప్పుడు, చాపిన చేతిలో పెట్టకుండా గుప్పిట మూసింది తనే. గ్రోజ్దనోవ్‌కు తన పుస్తకం కావలసివచ్చింది, బిస్త్రాకు తన థీసిస్ కావలసివచ్చింది. ఇద్దరికీ నాణెమే కావలసివచ్చింది.

*

జవాబు మార్చిలో వచ్చింది, పత్రిక రూపంలో. గ్రోజ్దనోవ్ కొత్త వ్యాసం, బహుశా ఆయన చివరిది. నాణేనికి ఇన్నాళ్ళూ మాటుచాటున దాగిన కన్నం ఒకటి బయటపడిందట. గతంలో ఎవరో బాగుచేసేవాళ్ళు పొరపాటున పూడ్చేశారట. కోట చివరి రోజుల్లో ఒక సిపాయి దాన్ని రక్షరేకుగా మెడలో కట్టుకున్నాడట. గాత్‌లు గోడెక్కుతుంటే, కప్పు కూలుతుంటే, దాన్నే గుప్పిట పట్టుకొని ప్రాణం వదిలాడట. మసి పూసి మారేడుకాయ చేయడమంటే అది. చివరి పేజీ అడుగున సన్నటి అక్షరాల్లో రెండు వాక్యాలు: 'ఈ నాణెం గురించి స్థానికుల్లో రకరకాల కథలు ప్రచారంలో ఉన్నాయి. కన్నాన్ని మొదట గమనించిన మ్యూజియం సిబ్బంది శ్రీమతి బిస్త్రాకు కృతజ్ఞతలు.'

ఆవిడ పేరు ఒక పత్రికలో అచ్చుకావడం అదే మొదటిసారి.

సంఘం వాళ్ళ ఉత్తరం వేరేగా వచ్చింది, నాలుగు వాక్యాలు. కన్నం ఎప్పటిదో ఖాయంగా చెప్పలేమన్నారు. సాక్ష్యం చెప్పినవాడు మరణించినందున మళ్ళీ విచారించే వీలు లేదన్నారు. దొరికిన చోటు గురించి అప్పటి డైరీలో స్పష్టమైన సంతకం ఉన్నందున దానినే ప్రమాణంగా తీసుకొంటున్నామన్నారు.

మేలో నాణెం తిరిగొచ్చింది. కొత్త గాజు పెట్టె, ముట్టుకుంటే మోగే గంట. కన్నంలోంచి ఎర్రదారం ఎక్కించి వేలాడదీశారు, జనానికి అర్థమయ్యేందుకు. వెనక గోడ మీద పెద్ద బొమ్మ: నెత్తురోడుతున్న సిపాయి, గుండె మీద గుప్పిట. చూసినవాళ్ళు అయ్యో పాపం అంటారు. ఫోటోలు తీసుకుంటారు. టికెట్లు మునుపటికంటే ఎక్కువ తెగుతున్నాయి.

జూన్‌లో ఒక రోజు వర్ణా నుంచి వచ్చిన ఒకావిడ, గడ్డిటోపీ పెట్టుకున్న మనిషి, బయటికొస్తూ కిటికీ దగ్గర ఆగింది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఏమండీ, ఆ ఎర్రదారం చూస్తుంటే ఏడుపొచ్చేసిందండీ. ఆ సిపాయి పేరేమైనా తెలుసా?"

"సిపాయిది కాదండీ," అంది బిస్త్రా. "ఒక పసిపిల్లది. బిస్త్రా అని."

"అయ్యో! ఆ పిల్లేమైంది? దాంతోనే పూడ్చారా?"

"లేదండీ. ఆ పిల్లకు ఇవ్వనేలేదు."

ఆవిడకు ఏమీ అర్థం కాలేదు. బోర్డు వైపు ఒకసారి, ముసలిదాని వైపు ఒకసారి చూసి, బస్సు హారన్ కొడుతుంటే వెళ్ళిపోయింది. వెనక వరసలో నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చారు. బిస్త్రా వాళ్ళకు టికెట్లు చింపి ఇచ్చింది.